5 లక్షలు కట్టి 12 లక్షలు తీసుకుంటే లాభమేనా? ఎండోమెంట్ పాలసీ అసలు లెక్క

పొదుపూ జీవిత బీమా కలిసి ఉండే ఎండోమెంట్ పాలసీకి ఏటా 20,000 చొప్పున 25 ఏళ్లు కట్టారు. మొత్తం 5 లక్షలు. గడువు తీరాక 12 లక్షలు ఖాతాలో పడ్డాయి. ఇంట్లో పెద్దాయన "ఎల్ఐసీ కట్టబట్టే ఇంత కూడింది" అంటాడు. ఉద్యోగంలో చేరిన కొడుకు "దాంట్లో వేసి నష్టపోయారు నాన్నా" అంటాడు. ఇద్దరిలో ఎవరూ కాగితం మీద లెక్క వేసి ఉండరు. వేసినా తప్పు లెక్క వేసే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ఈ ఒక్క పాలసీకి కనీసం మూడు "వడ్డీ రేట్లు" చెప్పవచ్చు.

మొదటిది: 5 లక్షలు 25 ఏళ్లలో 12 లక్షలు అయింది, అంటే 2.4 రెట్లు. చక్రవడ్డీ ప్రకారం ఇది ఏడాదికి 3.6 శాతం. పాలసీలను తిట్టేవాళ్లు చూపించే అంకె ఇది. 5 లక్షలూ మొదటి రోజే కట్టినట్టు లెక్క వేశారు కాబట్టి ఇది తప్పు. ఆఖరి ప్రీమియం కంపెనీ దగ్గర ఉన్నది ఒక్క ఏడాదే.

రెండోది ఏజెంట్ల వైపు నుంచి వస్తుంది. సగటున ఒక్కో ప్రీమియం 13 ఏళ్లు ఉంది, లాభం 140 శాతం, 13తో భాగిస్తే ఏడాదికి 10.8 శాతం. ఇదీ తప్పే. బారువడ్డీని చక్రవడ్డీ పక్కన నిలబెట్టి పోల్చడం ఇది.

సరైన జవాబు 6.2 శాతం. అంటే ఏడాదికి 6.2 శాతం చక్రవడ్డీ ఇచ్చే ఖాతాలో ఏటా మొదట్లో 20,000 వేస్తూ పోతే 25వ ఏడాది చివరికి సుమారు 12 లక్షలు అవుతుంది. దీన్ని ఎక్సెల్‌లో ఎవరైనా నిమిషంలో తేల్చుకోవచ్చు. రేట్ ఫంక్షన్ తెరిచి వరుసగా ఐదు అంకెలు ఇవ్వాలి: 25, మైనస్ 20000, 0, 1200000, 1. చివరి 1 మర్చిపోకూడదు. ప్రీమియం ఏడాది మొదట్లో కట్టామని చెప్పేది అదే. దాన్ని వదిలేస్తే రేటు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

ఆరు నెలలకో, మూడు నెలలకో కట్టినవాళ్లు, మధ్యలో డబ్బు వచ్చే మనీబ్యాక్ పాలసీలవాళ్లు, పాలసీ మీద లోన్ తీసుకున్నవాళ్లు తేదీల వారీగా రేటు లెక్కించే ఎక్స్ఐఆర్ఆర్ (XIRR) ఫంక్షన్ వాడాలి. ఒక వరుసలో తేదీలు, పక్క వరుసలో మొత్తాలు రాయండి. కట్టినవి మైనస్, వచ్చినవి ప్లస్. లోన్ తీసుకున్న రోజు ఆ మొత్తం ప్లస్. తిరిగి కట్టి ఉంటే మైనస్. కట్టకుండా మెచ్యూరిటీలో కోయించుకుని ఉంటే చేతికి వచ్చిన మిగులు మాత్రమే ఆఖరి ప్లస్. లోన్ విషయం మర్చిపోయి "నాకు 7 లక్షలే ఇచ్చారు" అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

మైనస్ వైపు వేయాల్సింది బాండు మీద అచ్చయిన ప్రీమియం కాదు, రసీదులో ఉన్న మొత్తం. సర్వీస్ టాక్స్, ఆ తర్వాత వచ్చిన జీఎస్టీ అందులో కలిసి ఉంటాయి. ఎండోమెంట్ పాలసీలకు జీఎస్టీ మొదటి ఏడాది 4.5 శాతం, తర్వాతి ఏళ్లలో 2.25 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా పాలసీలకు పూర్తిగా ఎత్తేశారు. ఆలస్యంగా కట్టినందుకు పడిన వడ్డీ, లాప్స్ అయిన పాలసీని రివైవల్ చేయించుకున్నప్పుడు కట్టినది కూడా మైనస్‌లోకే. రసీదులు పోయి ఉంటే ఎల్ఐసీ పోర్టల్‌లో పాలసీ నమోదు చేసుకుని ప్రీమియం పెయిడ్ స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. అక్కడే వెస్టెడ్ బోనస్, అంటే అప్పటిదాకా చేరిన బోనస్, కూడా కనిపిస్తుంది.

ఆ 12 లక్షలు ఎలా అయింది

మన ఉదాహరణలో బీమా మొత్తం, అంటే సమ్ అష్యూర్డ్, 5 లక్షలు. కంపెనీ ఏటా ప్రకటించే బోనస్ బీమా మొత్తంలో వెయ్యికి సగటున 48 రూపాయలు అనుకున్నాం. 5 లక్షలకు ఏటా 24,000 అవుతుంది. 25 ఏళ్లకు 6 లక్షలు. గడువు చివర ఇచ్చే ఫైనల్ అడిషనల్ బోనస్ ఒక లక్ష అనుకున్నాం. 5, 6, 1 కలిపితే 12. బోనస్ రేటు ఏటా మారుతుంది, పాలసీ రకాన్ని బట్టి, కాలవ్యవధిని బట్టి వేరుగా ఉంటుంది. కనుక మీ పాలసీకి మీ అంకెలే వేసుకోవాలి. 2000 ప్రాంతంలో మొదలైన పాలసీలకు తొలి ఏళ్లలో బోనస్ దీనికన్నా బాగానే ఉండేది. మొత్తం 14 లక్షలు వచ్చిందనుకున్నా రేటు 7.2 శాతం దగ్గర ఆగుతుంది. 2 లక్షలు ఎక్కువ వస్తే పెరిగేది ఒక్క శాతం.

అందరూ తడబడేది బోనస్ దగ్గరే. వెయ్యికి 48 అంటే 4.8 శాతం వడ్డీ కదా అనుకుంటారు. అది మీరు కట్టిన డబ్బు మీద కాదు, బీమా మొత్తం మీద. పైగా అది బారువడ్డీలాంటిదే: బోనస్ మీద బోనస్ పెరగదు. మొదటి ఏడాది 20,000 కడితే 24,000 బోనస్ ప్రకటించారంటే "కట్టినదానికన్నా ఎక్కువ ఇచ్చారు" అనిపిస్తుంది. కానీ ఆ 24,000 ఇచ్చేది 25 ఏళ్ల తర్వాత. ఏడాదికి 7 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే ఆ రోజు దాని విలువ 4,400 రూపాయలు. అదే 25వ ఏడాది ప్రకటించిన 24,000 దాదాపు చేతిలో పడ్డట్టే. పాలసీ తన విలువంతా చివరి ఏళ్లలో ఇస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సరెండర్ చేయాలా వద్దా, అంటే పాలసీని మధ్యలోనే వదిలేసి వచ్చినంత తీసుకోవాలా అన్నది సగం తేలుతుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాం.

కొత్తగా పాలసీ తీసుకునేటప్పుడు ఇచ్చే బెనిఫిట్ ఇలస్ట్రేషన్ పట్టికలో 4 శాతం, 8 శాతం అని రెండు గడులు ఉంటాయి. 8 శాతం గడి చూసి "ఎనిమిది శాతం వస్తుందన్నమాట" అనుకోకండి. కంపెనీ పెట్టుబడులు ఖర్చులు తీయకముందు 8 శాతం సంపాదిస్తే మీకు ఎంత రావచ్చో చూపించే గడి అది. ఆ గడిలోని ఆఖరి మొత్తాన్ని రేట్ ఫంక్షన్‌లో వేసి చూడండి. 8 రాదు.

బీమా ఖర్చు తీసి చూడాలి

6.2 శాతాన్ని నేరుగా పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) వడ్డీతో పోల్చడం పాలసీకి అన్యాయం. ఆ 25 ఏళ్లూ 5 లక్షల కవరేజీ కూడా నడిచింది. నాలుగో ఏట మనిషి పోయి ఉంటే 80,000 కట్టినందుకు కుటుంబానికి 5 లక్షలు, దానిపైన అప్పటిదాకా చేరిన బోనస్ వచ్చేవి.

అందుకే ప్రీమియంలోంచి బీమా ఖర్చు తీసేయాలి. పాలసీ తీసుకున్న వయసులో, అదే 25 ఏళ్లకు, అదే 5 లక్షలకు టర్మ్ పాలసీ (పొదుపు లేకుండా బీమా మాత్రమే ఉండేది) ఎంతకు వచ్చేదో చూడండి. 30 ఏళ్ల మనిషికి వెయ్యికి 3 రూపాయల చొప్పున ఏటా 1,500 అనుకుందాం. ప్రమాద బీమా రైడర్ (అదనపు కవరేజీ) ఉంటే దాని సొమ్ము కూడా తీసేయాలి. వెయ్యికి రూపాయి చొప్పున ఉండేది కనుక 5 లక్షలకు 500. మన ఉదాహరణలో రైడర్ లేదనుకుందాం. 20,000లో 1,500 పోగా పొదుపు భాగం 18,500. దానిమీద 12 లక్షలు వచ్చాయంటే రేటు 6.7 శాతం. నిజాయితీగా పోల్చాల్సిన అంకె ఇదే.

జీవన్ ఆనంద్ లాంటి వాటిలో మెచ్యూరిటీ డబ్బు ఇచ్చేశాక కూడా బీమా మొత్తం మేర కవరేజీ జీవితాంతం కొనసాగుతుంది. వాటికి ఈ లెక్క వేస్తే పాలసీ విలువ తక్కువగా కనిపిస్తుంది. ఎప్పటికో వచ్చే ఆ 5 లక్షలను ఇంకో 20, 25 ఏళ్ల తర్వాత వచ్చే ప్లస్‌గా రాసి మళ్లీ చూడాలి.

దేనితో పోల్చాలి

ఇక్కడ చాలామంది 2000లో ఏటా 20,000 ఇన్ఫోసిస్ షేర్లలో పెట్టి ఉంటే అని మొదలుపెడతారు. అది కబుర్లకు బాగుంటుంది. ఎండోమెంట్ కట్టే మనిషి అసలు పోకూడదనుకుని కట్టాడు. అతనికి ఆనాడు అందుబాటులో ఉన్న అలాంటి దారి పీపీఎఫ్.

2000 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా పీపీఎఫ్ వడ్డీ 11 శాతం దగ్గర మొదలై, 2001 మార్చిలో 9.5, ఏడాది తర్వాత 9, 2003 మార్చి నుంచి చాలాకాలం 8 శాతంగా నడిచింది. 2012-13లో 8.8కి పెరిగి, తర్వాత తగ్గుతూ 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గర నిలిచింది. ఖాతా గడువు 15 ఏళ్లు, ఆపైన అయిదేళ్ల చొప్పున రెండుసార్లు పొడిగిస్తే 25 ఏళ్లకు సరిపోతుంది. ఈ రేట్లతో ఏటా ఏప్రిల్ మొదట్లో 18,500 వేస్తూ పోతే చివరికి సుమారు 14.4 లక్షలు అయ్యేది. మిగతా 1,500తో టర్మ్ పాలసీ నడిచేది. ఎండోమెంట్ ఇచ్చింది 12 లక్షలు. తేడా 2.4 లక్షలు. పీపీఎఫ్ సగటు రేటు 8 శాతానికి కాస్త తక్కువ, ఎండోమెంట్‌ది 6.7.

పోయింది 2.4 లక్షలు, మొత్తం డబ్బు కాదు. "నష్టపోయారు" అనే కొడుకు మాట అతి. అయితే ఈ పోలికకు ఒక షరతు ఉంది: ఆ మనిషి 25 ఏళ్లు ఒక్క ఏడాదీ వదలకుండా పీపీఎఫ్ కట్టి, మధ్యలో పెళ్లికో ఇంటికో తీయకుండా ఉండాలి. ఏజెంటు ఇంటికి వచ్చి గుర్తు చేస్తాడు, కట్టకపోతే లాప్స్ అవుతుందనే భయం ఉంటుంది, మధ్యలో తీస్తే దెబ్బ. ఈ బలవంతమే చాలామంది చేత పొదుపు చేయించింది. దాని వెల 2.4 లక్షలు. మీ ఇంట్లో ఆ వెల సమంజసమా కాదా అన్నది మీరే చెప్పగలరు.

పన్ను మినహాయింపును కూడా ఇక్కడే తేల్చాలి. "టాక్స్ ఆదాతో కలిపితే 7.7 శాతం పడింది సార్" అంటారు. 20 శాతం పన్ను మిగిలి, జేబు నుంచి పోయింది 16,000 అనుకుంటే ఆ అంకె నిజమే. కానీ అదే 80సి మినహాయింపు పీపీఎఫ్‌కూ ఉంది. 2005-06కు ముందు సెక్షన్ 88 కింద ఇచ్చిన రిబేటూ రెండింటికీ ఉంది. పోలికలో రెండువైపులా కొట్టుకుపోతుంది. ఉద్యోగి పీఎఫ్, పిల్లల ఫీజులతోనే 1.5 లక్షల పరిమితి నిండిపోయిన ఇంట్లో పాలసీ వల్ల పన్ను పైసా తగ్గలేదు. కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్లకు ఆ మినహాయింపే లేదు.

మెచ్యూరిటీ మీద పన్ను మాత్రం చూసుకోవాలి. 2012 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్న పాలసీలో ఏడాది ప్రీమియం బీమా మొత్తంలో 10 శాతం మించకూడదు. 2003 ఏప్రిల్ నుంచి 2012 మార్చి మధ్య తీసుకున్నవాటికి ఆ హద్దు 20 శాతం. మన ఉదాహరణలో 4 శాతమే కనుక ఇబ్బంది లేదు. చిక్కు సింగిల్ ప్రీమియం పాలసీల్లో వస్తుంది. కట్టినదానికి 1.25 రెట్లే కవరేజీ ఇస్తే ప్రీమియం బీమా మొత్తంలో 80 శాతం అయినట్టు, లాభం మీద పన్ను పడుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్న పాలసీల ప్రీమియాలు అన్నీ కలిపి ఏడాదికి 5 లక్షలు దాటినా అంతే.

ధరల పెరుగుదల సంగతి ఒక్క మాటలో. ఆదాయపు పన్ను శాఖ వాడే కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్ 2001-02లో 100, 2025-26లో 376. దాని ప్రకారం ఇప్పటి 12 లక్షలు అప్పటి 3.2 లక్షలతో సమానం. ఆ సూచీ ధరల పెరుగుదలలో నాలుగింట మూడు వంతులే లెక్కలోకి తీసుకుంటుంది కనుక అసలు విలువ ఇంకా తక్కువ. ఇది పీపీఎఫ్‌కూ వర్తిస్తుంది. కానీ ఎక్కువ దెబ్బ తిన్నది కవరేజీ. 2000లో ఒక కుటుంబాన్ని కొన్నేళ్లు నిలబెట్టగలిగిన 5 లక్షలు, పిల్లలు కాలేజీకి వచ్చేసరికి ఒక కోర్సు ఫీజుకు సరిపోయే మొత్తం అయింది. నా దృష్టిలో ఎండోమెంట్ పాలసీల అసలు లోపం 6.7 శాతం కాదు. "బీమా ఉంది కదా" అని ఊరుకున్న ఇంట్లో చాలినంత బీమా లేకపోవడం.

పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్‌లో ఎండోమెంట్ పాలసీ పేరు సంతోష్. దాని బోనస్ ఇటీవలి ఏళ్లలో వెయ్యికి 52. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో కోత పడే ప్రభుత్వ జీవిత బీమా పాలసీలు కూడా ఎండోమెంట్ తరహావే. వీటికీ ఇదే పద్ధతిలో లెక్క వేయండి. ప్రీమియం, బోనస్ రెండూ వేరు కనుక ఎల్ఐసీ జవాబును వీటికి అంటగట్టకూడదు.

మధ్యలో ఉన్నవాళ్ల లెక్క వేరు

పైన చెప్పిందంతా గడువు తీరిన పాలసీకి. సగంలో ఉన్నవాళ్లు ఆ 6.2 శాతం చూసి సరెండర్ చేస్తే చాలాసార్లు రెండోసారి నష్టపోతారు. వాళ్లు కట్టేసిన ప్రీమియాలను లెక్కలోంచి పూర్తిగా తీసేయాలి. చూడాల్సింది మూడే అంకెలు: ఇవాళ సరెండర్ చేస్తే ఎంత వస్తుంది, ఇక ఎంత కట్టాలి, చివర ఎంత వస్తుంది.

అదే పాలసీలో పదేళ్లు కట్టారనుకుందాం. 2 లక్షలు పోశారు. బ్రాంచిలో అడిగితే సరెండర్ విలువ 1.6 లక్షలు అన్నారు. "40 వేలు నష్టం" అని బాధపడటం సహజమే కానీ అది తీసుకోవాల్సిన నిర్ణయానికి పనికిరాదు. కొనసాగిస్తే ఏమవుతుంది? ఆ 1.6 లక్షలను ఇవాళ మళ్లీ పాలసీలో పెట్టినట్టు, దానిపైన ఇంకో 15 ఏళ్లు ఏటా 20,000 కట్టినట్టు, చివర 12 లక్షలు వచ్చినట్టు. ఎక్సెల్‌లో రేట్: 15, మైనస్ 20000, మైనస్ 160000, 1200000, 1. జవాబు 8.8 శాతం. మొదలుపెట్టిన రోజు 6.2 శాతం ఉన్న పాలసీ పదేళ్లు దాటాక అక్కడి నుంచి 8.8 శాతం పాలసీ అయింది. కమీషన్, తొలి ఖర్చులు, తక్కువ సరెండర్ విలువ అనే దెబ్బలన్నీ మీరు ఇప్పటికే తినేశారు. పండే ఏళ్లు ముందున్నాయి. ఫైనల్ బోనస్ అసలు రాకపోయినా, మిగిలిన 15 ఏళ్లు బోనస్ వెయ్యికి 40కి పడిపోయినా సుమారు 7.5 శాతం వస్తుంది. ఇప్పటి పీపీఎఫ్ 7.1.

మూడో దారి పెయిడప్. ప్రీమియం ఆపేసి పాలసీని అలాగే ఉంచడం. బీమా మొత్తం 25లో 10 వంతులకు, అంటే 2 లక్షలకు తగ్గుతుంది. అప్పటిదాకా చేరిన బోనస్ 2.4 లక్షలు దానికి కలిసి, గడువు చివర 4.4 లక్షలు వస్తాయి. కొత్త బోనస్ చేరదు. 1.6 లక్షలు 15 ఏళ్లలో 4.4 లక్షలు కావడమంటే 7 శాతం. చేతిలో ప్రీమియానికి డబ్బు లేనప్పుడు సరెండర్ కన్నా ఇది మంచిది. కట్టగలిగినవాళ్లకు మాత్రం కొనసాగించడమే మేలు.

మూడేళ్లే కట్టినవాళ్ల సంగతి? పాత పాలసీల్లో గ్యారంటీడ్ సరెండర్ విలువ అంటే మొదటి ఏడాది ప్రీమియం తీసేసి మిగిలినదాంట్లో 30 శాతం. 60,000 కట్టినవారికి 12,000. ఆ స్థితిలో కొనసాగిస్తే ముందుకు వచ్చే రేటు 7.6 శాతం. అయితే 2024 అక్టోబర్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు మారాయి. ఆ తర్వాతి పాలసీల్లో ఒక ఏడాది పూర్తయి, ఆ ఏడాది ప్రీమియం మొత్తం కట్టి ఉంటే స్పెషల్ సరెండర్ విలువ వస్తుంది. తొలి ఏళ్లలో బయటపడితే దెబ్బ తగ్గింది. సరెండర్ విలువ పెరిగితే కొనసాగించడం వల్ల వచ్చే రేటు తగ్గుతుంది కనుక కొత్త పాలసీలకు జవాబు ఇటు కాకుండా అటు కూడా రావచ్చు. మీ అంకెలు వేయకుండా చెప్పడానికి వీల్లేదు. కొత్త పాలసీ బాండు అందాక నెల రోజుల ఫ్రీలుక్ గడువు ఉంది. ఇంకా అందులో ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, తిప్పి పంపితే చిన్న కోతలతో డబ్బు వెనక్కి ఇస్తారు.

సరెండర్ అంకె అడిగేటప్పుడు ఏజెంటు ఫోన్‌లో చూపించేది కాకుండా బ్రాంచి నుంచి కొటేషన్ తీసుకోండి. దాంతోపాటు పెయిడప్ విలువ, ఇప్పటిదాకా చేరిన బోనస్, లోన్ బాకీ ఉంటే వడ్డీతో సహా ఎంతో అడగండి. మరో తేదీ కూడా చూసుకోవాలి: ఎల్ఐసీ ఎండోమెంట్లలో ఫైనల్ అడిషనల్ బోనస్‌కు సాధారణంగా 15 ఏళ్లు నిండాలి. 14వ ఏట సరెండర్ చేసేవాళ్లు ఆ అర్హతకు కొద్ది దూరంలో పాలసీని వదులుకుంటున్నారు.

అన్నీ చూసి వదిలేయడమే మేలని తేలినా ముందు టర్మ్ పాలసీ బాండు చేతికి రావాలి, ఆ తర్వాతే సరెండర్ ఫారం ఇవ్వాలి. ఈ వయసులో షుగరో బీపీనో బయటపడి కొత్త కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, లేదా దరఖాస్తు తిప్పికొట్టవచ్చు. పాత పాలసీకి మూడేళ్లు దాటి ఉంటే ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 ప్రకారం దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించలేరు. కొత్త పాలసీకి ఆ మూడేళ్ల గడియారం మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. అందుకే కొత్త దరఖాస్తులో ఆరోగ్యం గురించి ఏదీ దాచకుండా రాయాలి, ఏజెంటు "ఇది రాయక్కర్లేదు సార్" అన్నా సరే.